జాకెట్టు ముక్కకు మూలదాత

ఆ దేశం పేరు ఇక్కడ అనవసరం. అక్కడి జనం మనలాగే మాట్లాడతారు, మనలాగే పేరంటాలు చేసుకుంటారు, మనలాగే ప్రతి చిన్న తగాదాకూ కోర్టుకెక్కుతారు. కింది కోర్టు మీద పై కోర్టు, దాని మీద ఇంకో కోర్టు, అన్నిటి మీదా మహా న్యాయస్థానం. మహా న్యాయస్థానం మీద మాత్రం ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. అందుచేత అక్కడి న్యాయమూర్తులు చాలా ప్రశాంతంగా ఉండేవారు.

ఆ ప్రశాంతతను ఒక ఫొటో చెడగొట్టింది. జస్టిస్ ప్రతాపవర్మ గారు వేసవి సెలవుల్లో సకుటుంబంగా ఒక కొండ మీది అతిథి గృహంలో దిగి, వరండాలో ఉయ్యాల బల్ల మీద కూర్చుని పనసతొనలు తింటుండగా ఎవరో ఫొటో తీసి పేపరుకిచ్చారు. తొనలు తింటే తప్పేమీ లేదు. కాని ఆ అతిథి గృహం ఒక క్వారీ కంపెనీది. ఆ కంపెనీ మీద కేసు ఆ కోర్టులోనే నడుస్తోంది. దేశమంతా ముక్కున వేలేసుకుంది.

ప్రధాన న్యాయమూర్తి గారు వెంటనే స్పందించారు. "నిష్కళంకమైన ఈ వ్యవస్థ మీద కళంకపు నీడ సైతం పడరాదు. అందుకు మనకు మనమే ఒక నైతిక నియమావళిని విధించుకుందాం," అన్నారు. ఎండలకు రాజధానిలో ఎవరికీ మనసు కుదురుగా ఉండటం లేదు గనక, నైతికత గురించి ఆలోచించడానికి చల్లని ప్రదేశమైతే బాగుంటుందని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించి, అదే అతిథి గృహానికి బయలుదేరి వెళ్ళారు.

నియమావళి నిజంగానే గొప్పగా కుదిరింది. "కానుక అనగా, దాత తన చేతితో ఇవ్వగా గ్రహీత తన చేతితో పుచ్చుకొని, స్వగృహమునకు తీసుకొనిపోదగిన వస్తువు" అని మొదటి అధ్యాయంలోనే నిర్వచించారు. అతిథి గృహాన్ని ఎవరూ చేత్తో ఇవ్వలేరు, ఇచ్చినా ఇంటికి మోసుకుపోలేరు. కనుక అది కానుక కాదు. విందులో తిన్నది కడుపులోకి పోతుంది గాని చేతిలో మిగలదు. అదీ కాదు. శాలువా భుజాల మీద కప్పుతారు, పూలదండ మెడలో వేస్తారు, రెండూ చేతికి ఇచ్చేవి కావు. ఈ ఆఖరి సూక్ష్మాన్ని కనిపెట్టిన న్యాయమూర్తికి మిగతావాళ్ళు అక్కడికక్కడే ఒక శాలువా కప్పారు.

ఇన్ని మినహాయించాక కూడా ఏదైనా మిగిలితే, దాన్ని మొట్టమొదట ఇచ్చినవాడెవడో తేల్చాలి. లంచం ఇచ్చేవాడు నేరుగా ఇవ్వడు, ఇంకొకరి చేత ఇప్పిస్తాడు గదా. ఆ మొదటివాడికి 'మూలదాత' అని పేరు పెట్టారు. మూలదాత ఎవరో తేలేవరకు ఆ న్యాయమూర్తి ధర్మాసనం మీద కూర్చోరాదని రాశారు. పర్యవేక్షణకు ఒక నైతిక సంఘాన్ని కూడా వేసి, చేతులు దులుపుకుని కొండ దిగారు.

జస్టిస్ భ్రమరాంబ గారు ఆ కొండకు వెళ్ళలేదు. రాయవలసిన తీర్పులున్నాయని ఇంట్లోనే ఉండిపోయారు. నియమావళి అచ్చయి వచ్చాక కళ్ళజోడు తుడుచుకుని మరీ శ్రద్ధగా చదివి సంతకం పెట్టింది ఆవిడ ఒక్కరే. మిగతావాళ్ళు రాసినవాళ్ళు కాబట్టి చదవలేదు.

ఆవిడ రాస్తున్న తీర్పు ఆ క్వారీ కేసులోదే. గుమ్మలపాడు అనే ఊరి నెత్తిన కొండ ఉంది, ఆ కొండను కంపెనీ పేలుస్తోంది. పేల్చినప్పుడల్లా రాళ్ళు వచ్చి ఇళ్ళ మీద పడుతున్నాయి. గోడలు నెర్రెలిచ్చాయి, బావులు ఎండిపోయాయి. ఆ దేశంలో ఒక్కో కేసును ఒక్కో న్యాయమూర్తే వింటారు. ఈ కేసు మొత్తం భ్రమరాంబ గారే విన్నారు. ఊరివాళ్ళ వైపే న్యాయం ఉందని ఆవిడకు రెండో ఆలోచన లేకుండా తెలిసిపోయింది. తీర్పు రాయడం అయిపోయింది, వచ్చే సోమవారం చదవాలి. దసరా సెలవుల ముందు రోజుతో ఆవిడ పదవీకాలం అయిపోతుంది. చదవకుండా దిగిపోతే కేసు మళ్ళీ మొదటికొచ్చి, వరసలో తరవాతి వారైన ప్రతాపవర్మ గారి దగ్గరికి పోతుంది.

సోమవారానికి ముందు ఒక శుక్రవారం వచ్చింది. అదీ శ్రావణ శుక్రవారం. కింది వాటాలో ఉండే రేణుక కూతురికి ఆ రోజు సీమంతం.

"పిన్నిగారూ, మీరు రాకపోతే మా పిల్లకి గాజులు ఎవరు తొడుగుతారండీ? కోర్టు ఎప్పుడూ ఉండేదే," అని రేణుక రెండుసార్లు మెట్లెక్కి వచ్చి పిలిచింది. భ్రమరాంబ గారు వెళ్ళారు, గాజులు తొడిగారు, చలిమిడి తిన్నారు. వచ్చేటప్పుడు రేణుక బొట్టు పెట్టి, తాంబూలంలో ఒక జాకెట్టు ముక్క పెట్టి ఇచ్చింది. వంకాయ రంగు మీద ఆవాలంత పసుపు చుక్కలు. కళ్ళున్న ఏ ఆడదీ కుట్టించుకోని రంగు అది.

ఇంటికొచ్చి ఆ ముక్కను బల్ల మీద పెట్టుకుని భ్రమరాంబ గారు చాలాసేపు చూశారు. ఆవిడ భర్త సదాశివం గారు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయిన మనిషి. తాంబూలంలో వచ్చిన అరటిపండు ఒలుచుకుంటూ ఆయన కూడా చూశారు.

"ఏమిటంత దీర్ఘంగా చూస్తున్నావు? కుట్టించుకుందామనా?"

"ఇది కానుకండీ."

"ఇది కానుకా? చెత్తలో పారెయ్యడానికి మనసొప్పక ఇచ్చిన గుడ్డ అది!"

"చేత్తో ఇచ్చింది. చేత్తో పుచ్చుకున్నాను. ఇంటికి తెచ్చుకున్నాను. నియమావళి ప్రకారం కానుకే."

"అయితే నేను తింటున్న ఈ అరటిపండు?"

"తిన్నది కానుక కాదు. తొందరగా తినెయ్యండి."

సదాశివం గారు రెండో పండు కూడా తీసుకున్నారు. "నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందే?" అన్నారు.

"నాకు తెలుస్తుంది కదండీ," అన్నారు భ్రమరాంబ గారు. అలా అనడం ఆవిడకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ అలవాటు వల్లే ఇంత పైకి వచ్చారు, ఆ అలవాటు వల్లే స్నేహితులు తక్కువ. మర్నాడు పొద్దున్నే నైతిక సంఘానికి వెళ్ళి జాకెట్టు ముక్క సంగతి తనంతట తానే ప్రకటించారు.

సంఘం అధ్యక్షులు విశ్రాంత న్యాయమూర్తి నృసింహమూర్తి గారు. సంఘం ఏర్పడిన దగ్గరనుంచి ఆయన దగ్గరకు ఒక్క ప్రకటనా రాలేదు. పని లేక పేపర్లో గళ్ళనుడికట్టు నింపుకుంటున్న మనిషి, ఇది వినగానే లేచి నిలబడ్డారు.

"ఈ దేశ న్యాయచరిత్రలో స్వచ్ఛందముగా కానుకను ప్రకటించిన ప్రథమ న్యాయమూర్తి మీరు. ఈ సంఘము మిమ్ములను హృదయపూర్వకముగా అభినందించుచున్నది. ఆ కారణము చేతనే ప్రథమ నిందితురాలు కూడా మీరే అగుచున్నారు."

"అలాగేనండీ. కాని సోమవారం నేనొక తీర్పు చదవాలి."

"మూలదాత తేలువరకు ధర్మాసనము నిషిద్ధము."

"మూలదాత రేణుకేనండీ. మా కింది వాటాలో ఉంటుంది."

"రేణుక అను వ్యక్తి ఆ వస్త్రఖండమును కొనుగోలు చేసినదా, లేక అన్యుల నుండి పొందినదా? ఆ అన్యులు ఎవరు? వారి వెనుక ఎవరు? ఇవి తేలవలెను. రెండు మూడు దినముల పని."

"ఆలస్యమయితే ఊరివాళ్ళు నష్టపోతారండీ."

"తొందర ఎందులకు? క్వారీ ఎక్కడికీ పోదు."

"క్వారీ పోదు. ఊరే పోతుంది," అన్నారు భ్రమరాంబ గారు.

అధ్యక్షులవారికి ఆ వాక్యం నచ్చింది. నచ్చిందని చెప్పి, వస్త్రఖండానికి సీలు వేయించి, ఆవిడకు నమస్కారం పెట్టి పంపించేశారు.

విచారణకు మొదట ఒక మగ అధికారిని పంపారు. ఆయన వెళ్ళి జాకెట్టు ముక్క ఎక్కడిదని అడిగితే, రేణుక భర్త "అవి మాకు తెలిసే సంగతులు కావు సార్" అని వీధి అరుగు మీదే కూర్చోబెట్టి రాజకీయాలు మాట్లాడాడు. అందుకని రెండోసారి హైమవతి అనే అధికారిణిని పంపారు. హైమవతి జిల్లా జడ్జీగా చేసింది, ఎంతటి దొంగసాక్షినైనా కంటిచూపుతో ఒణికించేది. అలాంటి మనిషి రేణుకను ప్రమాణం చేయించి అడిగింది.

"కొన్నానండీ. బజార్లోనే కొన్నాను," అంది రేణుక.

"ఏ కొట్టులో?"

రేణుక మొహం ఎర్రబడింది. లోపల చుట్టాలు వింటున్నారేమోనని చూసి గొంతు తగ్గించింది. "కొనలేదండీ. కొన్నవి చాల్లేదు. అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. బీరువాలో ఉన్నది తీసి పెట్టాను. మా ఆడపడుచు గృహప్రవేశంలో నాకు పెట్టిందే అది. మీకు దణ్ణం పెడతాను, పిన్నిగారికి చెప్పకండి. పెట్టినదాన్నే తిప్పి పెట్టానని తెలిస్తే తల ఎక్కడ పెట్టుకోను?"

ఆ దేశంలో ఆడవాళ్ళు హత్యను ఒప్పుకుంటారేమో గాని, ఒకరు పెట్టిన జాకెట్టు ముక్కను ఇంకొకరికి పెట్టామని మాత్రం ఒప్పుకోరు. అందరూ చేసే పనే, అందరికీ తెలిసిన పనే, బయటికి అనకూడని పని. హైమవతి ఒక్కొక్క ఇంటికే వెళ్ళి, ఒక్కొక్కరి చేతా కన్నీళ్ళు పెట్టించి, నిజం రాబట్టింది. ఆడపడుచుకు తోడికోడలు పెట్టింది. తోడికోడలికి వాళ్ళ స్కూలు హెడ్‌మిస్ట్రెస్ పెట్టింది. హెడ్‌మిస్ట్రెస్‌కు ఎవరు పెట్టారో గుర్తు లేదు గాని, పెట్టినప్పుడు అటుకుల పులిహోర బాగుందని గుర్తుంది.

చిక్కు ఇది కాదు. హైమవతి ప్రతి ఇంట్లోనూ విచారణ ముగించి లేచేసరికి, ఆ ఇంటావిడ కళ్ళు తుడుచుకుని, "శ్రావణమాసం పూట ఇంటికొచ్చిన ముత్తయిదువని ఉత్త చేతుల్తో పంపుతామా అమ్మా" అని బొట్టు పెట్టి ఒక జాకెట్టు ముక్క చేతిలో పెట్టేది. వద్దంటే ఊరుకునేవారు కాదు. వద్దనడం అశుభం కూడాను. రెండు వారాలు తిరిగి సంఘానికి నివేదిక ఇవ్వడానికి వచ్చినప్పుడు హైమవతి చేతిలో పెద్ద సంచీ ఉంది.

నృసింహమూర్తి గారు సంచీ వైపు చూశారు.

"ఇవన్నియు ఏమిటి?"

"కానుకలండీ. చేత్తో ఇచ్చారు, చేత్తో పుచ్చుకున్నాను."

"న్యాయాధికారులకు సైతము నియమావళి వర్తించును గదా?"

"వర్తించునండీ," అంది హైమవతి, ఎంత ధైర్యంగా ఉండేదో అంత దిగులుగా.

హైమవతి మీద విచారణకు ఇద్దరు అధికారిణులను వేశారు. వాళ్ళు ఆ ఇళ్ళకే వెళ్ళి, ఆ ముక్కల మూలదాతలను అడిగి, వచ్చేటప్పుడు వాళ్ళూ బొట్టు పెట్టించుకుని వచ్చారు. వాళ్ళ మీద విచారణకు ఇంకొందరిని వేయవలసి వచ్చింది. వితంతువులను పంపితే ఈ బెడద ఉండదని ఒక సభ్యుడు సూచించాడు. అది అమానుషమని అతని మీద వేరే విచారణ మొదలైంది.

ఇంతలో వంకాయ రంగు ముక్క జాడ తీస్తూ ఒక అధికారిణి నృసింహమూర్తి గారి ఇంటి గుమ్మంలోనే తేలింది. హెడ్‌మిస్ట్రెస్ తిన్న పులిహోర అధ్యక్షులవారి భార్య తాయారమ్మ గారు చేసిందేనట.

"అవునే, నేనే పెట్టాను. అయితే ఏం?" అన్నారు తాయారమ్మ గారు. ఆవిడ ఒక్కరే ఏడవకుండా ఒప్పుకున్న మనిషి. "మా ఆయన షష్టిపూర్తికి ఎవరో పెట్టి చచ్చారు. ఆ రంగు ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టేది కాదు. పెట్టిందెవరంటే నేనేం చెప్పను? ఊరంతా వచ్చింది ఆ రోజు. వకీళ్ళు వచ్చారు, కంపెనీల వాళ్ళు వచ్చారు, మీ వర్మ గారి భార్యా వచ్చింది."

ఈ వాంగ్మూలం విని అధ్యక్షులవారు భోజనం మానేశారు. మర్నాడు సంఘంలో ఇలా సెలవిచ్చారు: "నా ధర్మపత్ని వాక్కును నేను విశ్వసించినచో పక్షపాతము. విశ్వసించనిచో గృహకలహము. ఉభయభ్రష్టత్వము నుండి సంఘమును కాపాడుటకు, నా షష్టిపూర్తికి విచ్చేసిన సమస్త కుటుంబములను విచారించుటకు ఒక ప్రత్యేక విభాగమును నెలకొల్పుచున్నాను." షష్టిపూర్తి నాటి ఫొటోల్లోంచి ఆడవాళ్ళను గుర్తుపట్టే పని ఆ విభాగానికి అప్పగించారు. అక్కడ అందరూ పెళ్ళిపట్టుచీరల్లో ఒకేలా ఉన్నారు.

ఆ తరవాత సంఘం పెరిగిపోయింది. జాకెట్టు ముక్కలు దాచడానికి కోర్టు వెనకాల గోదాము కట్టారు. చిమటలు పట్టకుండా కలరా ఉండలు వేయడానికి ఒక ఉపసంఘం వేశారు. ఇవన్నీ చూసి విదేశాల నుంచి ఒక ప్రతినిధి బృందం వచ్చి, ఒక గుడ్డముక్క విషయంలో ఇంత చిత్తశుద్ధి తాము ఎక్కడా చూడలేదని నోరెళ్ళబెట్టింది. బృందంలోని ఆడవాళ్ళకు తాయారమ్మ గారు బొట్టు పెట్టి జాకెట్టు ముక్కలు ఇచ్చారు. ఇప్పుడు వాటి గురించి రెండు దేశాల మధ్య ఉత్తరాలు నడుస్తున్నాయి.

జస్టిస్ ప్రతాపవర్మ గారు ఆ రోజుల్లో నైతికత మీద ఉపన్యాసాలివ్వడానికి ఊరూరా తిరిగేవారు. వెళ్ళిన ప్రతి చోటా భుజాల నిండా శాలువాలు కప్పించుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "నా మట్టుకు నేను ఏనాడూ ఒక చిన్న గుడ్డముక్క కూడా చేత్తో పుచ్చుకుని ఇంటికి తెచ్చుకోలేదు" అనేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

భ్రమరాంబ గారు రోజూ కోర్టుకు వచ్చి, తన గదిలో కూర్చుని, సాయంత్రం ఇంటికి వెళ్ళిపోయేవారు. చదవని తీర్పు సొరుగులో ఉంది. అప్పుడప్పుడు తీసి చూసుకుని, ఒక కామా మార్చి, మళ్ళీ లోపల పెట్టేవారు. సంఘానికి వెళ్ళి ఎంతవరకు వచ్చిందని అడిగితే, విచారణ అద్భుతంగా సాగుతోందనీ, ఇంత విస్తృతమైన విచారణ లోకంలో ఎక్కడా జరగలేదనీ చెప్పేవారు.

భాద్రపదం సగమయ్యాక ఒక రోజు ఆవిడ వరండాలోంచి లైబ్రరీకి వెళ్తుంటే, స్తంభం పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చున్న నలుగురు లేచి నిలబడ్డారు. గుమ్మలపాడు వాళ్ళు. ముందున్నది సన్యాసమ్మ. కేసు వేసినవాళ్ళలో మొదటి పేరు ఆమెదే. వాయిదా ఉన్నా లేకపోయినా పాసింజరు బండెక్కి వచ్చి కూర్చునేది.

"దండాలమ్మా. మా తీరుపు ఎప్పుడు సెప్తారమ్మా? వానలు ముదిరిపోనాయి. ఆ కంపినీవోళ్ళు పేల్చినప్పుడల్లా గోడలు ఊగిపోతన్నాయి."

కేసు తేలని కక్షిదారులతో న్యాయమూర్తి మాట్లాడకూడదు. అది నియమావళి పుట్టకముందు నుంచీ ఉన్న నియమం, మంచి నియమం. భ్రమరాంబ గారు నోరు తెరవలేదు, కాళ్ళు మాత్రం కదల్లేదు.

సన్యాసమ్మ కాస్త దగ్గరికొచ్చింది. "ఏదో గుడ్డ కోసరం ఎతుకుతన్నారట గదమ్మా, అది దొరికినాక గానీ తీరుపు సెప్పరట. దొరికినాదా? దొరక్కపోతే పోనిద్దురూ, మా ఊరోళ్ళందరం కలిసి మీకు మంచి గుడ్డ ఒకటి కొనిస్తాం."

భ్రమరాంబ గారు తల వంచుకుని లైబ్రరీలోకి వెళ్ళిపోయారు. తలుపు వేసుకుని, చట్టాల బీరువాకు ఆనుకుని, చిన్నపిల్లలా ఏడ్చారు. ఆవిడకు సంఘం మీద కోపం వచ్చింది, రేణుక మీద కోపం వచ్చింది, చివరకు వంకాయ మీద కూడా కోపం వచ్చింది. ఆ రాత్రి సదాశివం గారు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళారు.

దసరా సెలవుల ముందు రోజు రానే వచ్చింది. భ్రమరాంబ గారికి వీడ్కోలు సభ ఆవిడ కోర్టు హాల్లోనే ఏర్పాటు చేశారు. ద్వారాలకు బంతిపూల తోరణాలు కట్టారు. ఒక బల్ల మీద శాలువాలు దొంతరగా పెట్టారు. రిజిస్ట్రారు చలపతి గారు ఆవిడ గదికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. చలపతి గారికి ఏ న్యాయమూర్తినీ నొప్పించకుండా ముప్పయ్యేళ్ళు నెట్టుకొచ్చిన పేరుంది.

"సభకు అంతా సిద్ధమండీ. సంఘం వారి నుంచి కూడా సందేశం వచ్చింది. విచారణ ఇంకా కొనసాగుతోందట. మీరు రిటైరయినా మూలదాతను కనిపెట్టే తీరుతారట."

"క్వారీ కేసు?"

"రేపటి నుంచి వర్మ గారి జాబితాలోకి వెళ్తుందండీ."

భ్రమరాంబ గారు కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. స్తంభం పక్కన గోనెపట్టా కనిపిస్తోంది.

"చలపతి గారూ, ఒక మాట అడుగుతాను. నేను ఇప్పుడు లేచి వెళ్ళి ధర్మాసనం మీద కూర్చుంటే ఏమవుతుంది?"

"నియమావళి ఉల్లంఘన అవుతుందండీ."

"అయితే నన్నేం చేస్తారు?"

చలపతి గారు మనసులోనే నియమావళిని మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు. ఆయన మొహం మీద ముందు కంగారు, తరవాత ఆశ్చర్యం కనిపించాయి.

"ఏమీ చెయ్యరండీ," అన్నారు చివరకు. "చెయ్యడానికి అందులో ఏమీ లేదు. కూర్చోరాదు అని ఉంది గాని, కూర్చుంటే ఫలానా శిక్ష అని ఎక్కడా లేదు. తీర్పు చెల్లదని కూడా లేదు. వారు వారి కోసమే రాసుకున్నారు కదండీ, శిక్షల దాకా వెళ్ళలేదు."

"వర్మ గారికి ఈ సంగతి తెలుసా?"

"ఆ అధ్యాయం రాసింది వారేనండీ."

భ్రమరాంబ గారు కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగారు. ఏది తప్పో చూసుకోవడం ఆవిడకు తెలుసు. తప్పు చేస్తే ఏమవుతుందో చూసుకునే అలవాటు మాత్రం పుట్టి బుద్ధెరిగాక లేదు.

"మరి ఇన్నాళ్ళూ నన్నెవరు ఆపారయ్యా?"

చలపతి గారు నేల చూపులు చూశారు. ముప్పయ్యేళ్ళలో మొదటిసారి ఒక న్యాయమూర్తిని నొప్పించక తప్పలేదు.

"మీరే ఆగారండీ," అన్నారు.

ఆవిడ సొరుగు లాగి తీర్పు తీసుకున్నారు. నల్లకోటు వేసుకున్నారు. డవాలీ బంట్రోతు వీడ్కోలు కోసమనుకుని నవ్వుతూ ముందు నడిచాడు. హాల్లో కూర్చున్నవాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు. భ్రమరాంబ గారు పూలతో అలంకరించిన సోఫాను దాటుకుని వెళ్ళి, ధర్మాసనం ఎక్కి కూర్చుని, "గుమ్మలపాడు కేసు పిలవండి" అన్నారు.

చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి. కంపెనీ తరఫు సీనియర్ వకీలు సభకు వచ్చి మొదటి వరసలోనే ఉన్నాడు. చేతిలో శాలువాతో అలాగే పైకి లేచాడు.

"అమ్మగారూ, మహాపరాధం! తమరి మీద విచారణ నడుస్తోంది. తమరు కూర్చోరాదు!"

"కూర్చున్నాను. ఏ నియమం కింద లేపుతారో చూపించండి, లేస్తాను."

వకీలు నియమావళి తెప్పించుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. ఆయన తిప్పుతుండగా ఆవిడ చదువుతూ పోయారు. క్వారీ తక్షణం మూసేయాలి. దెబ్బతిన్న ఇళ్ళన్నీ కంపెనీ కట్టివ్వాలి. బావులు మళ్ళీ తవ్వించాలి. చదవడం పూర్తయ్యేసరికి వకీలు ఇంకా విషయసూచికలోనే ఉన్నాడు. ఆవిడ చివరి పేజీ మీద సంతకం చేసి, కలం మూత పెట్టారు.

నైతిక సంఘం అప్పటికప్పుడు అత్యవసరంగా సమావేశమైంది. ఇంత బరితెగింపును ఎలా శిక్షించాలో తెలియక సాయంత్రం దాకా తర్జనభర్జన పడి, తీవ్ర విచారం వ్యక్తం చేసింది. ప్రతాపవర్మ గారు విలేకరుల ముందు కళ్ళు ఒత్తుకుంటూ, న్యాయవ్యవస్థలో విలువలు ఇంతగా దిగజారిన రోజు తాను చూడవలసి వస్తుందనుకోలేదన్నారు. వీడ్కోలు సభ రద్దయింది.

భ్రమరాంబ గారు నల్లకోటు గదిలోనే వదిలేసి, చేతిసంచీ ఒక్కటి పట్టుకుని వరండాలోకి వచ్చారు. గుమ్మలపాడు వాళ్ళు ఒకరినొకరు పట్టుకుని నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు. సన్యాసమ్మ ఎదురొచ్చింది.

"గెలిసినామటమ్మా?"

"గెలిచారు."

"ఇప్పుడు మాతో మాటాడొచ్చా మీరు?"

"మాట్లాడొచ్చు. కేసు అయిపోయింది, నా ఉద్యోగమూ అయిపోయింది."

సన్యాసమ్మ కళ్ళు తుడుచుకుంది. "మొన్న పెద్ద పేలుడికి మా ఇల్లు పడిపోనాదమ్మా. మడుసులం బయటే ఉన్నాం, బతికినాం. పాడిగేదె మాత్రం గోడ కింద ఉండిపోనాది. ఈ మాట ఆ శ్రావణంలోనే సెప్పుంటే ఇల్లు నిలబడును, గేదె బతుకును." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. "ఎవలాపినారమ్మా మిమ్మల్ని?"

భ్రమరాంబ గారు నియమావళి పేరు చెప్పవచ్చు. సంఘం పేరు చెప్పవచ్చు, వర్మ గారి పేరు చెప్పవచ్చు. ఆవిడ సంచీ కింద పెట్టి, సన్యాసమ్మ రెండు చేతులూ పట్టుకున్నారు.

"నేనే ఆగిపోయానమ్మా," అన్నారు.